‘క’ మింగిన టవరు

“మీకు మరింత మెరుగైన సేవలు అందించడం కోసం మా నెట్‌వర్క్‌ను అప్‌గ్రేడ్ చేస్తున్నాము. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.” ఫోను తియ్యగానే ఈ ముక్కలు చెప్పే ఆడగొంతు ఒకటుంది చూశారూ, అది మనిషై మా కొట్టు ముందు నుంచి నడిచి వెళ్తే, చీపురు తిరగేసి వెంటపడతాను. అంత తియ్యగా ఎవరైనా చింతిస్తారా? చింతపడే వాళ్ళను నేను చూశాను. మా అక్కను చూశాను, మా బావను చూశాను. వాళ్ళ గొంతులో తీపి ఎక్కడా లేదు.

నాకు కోపం ఎక్కువని బందరులో మా వీధి వీధంతా తెలుసు. పెడన నుంచి కలంకారీ బట్టలు తెచ్చి అమ్ముకునే చిన్న కొట్టు నాది. పొద్దస్తమానం వాగితే గాని ఒక చీర అమ్ముడుపోదు కాబట్టి నా నోరు కాస్త పెద్దదే. మా అక్క మొగుడు, అంటే మా బావ, దీనికి పూర్తిగా వ్యతిరేకం. దివిసీమలో కోడూరు దాటి ఇంకా లోపలికి వెళ్తే వాళ్ళ ఊరు. కౌలు పొలంలో వరి వేస్తాడు. ఆయన ఎవర్నీ ‘నువ్వు’ అనడు. దూడ గడ్డివాము మీద పడితే “లెగండి, లెగండి” అని అదిలిస్తాడని మా అక్క వేళాకోళం చేస్తుంది. నేనూ ఆయన్ని ‘బావగారూ’ అనే పిలుస్తాను, ‘అండీ’ లేకుండా మాట్లాడను. మా ఇళ్ళలో మరదళ్ళు బావల్ని ఎంతైనా ఆటపట్టిస్తారు గాని, ‘నువ్వు’ అనరు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మా కొంప ముంచడానికి టవరుకు పనికొచ్చింది ఈ మర్యాదే.

కిందటేడు దసరా వెళ్ళాక మొదలైంది ఆ అప్‌గ్రేడు. వాళ్ళ ఊరి టవరు మీద పాత సామాను దింపారు, కొత్తది ఎక్కించారు, మళ్ళీ ఏదో దింపారు. “ఇంక చూసుకోండి, వీడియోలు నీళ్ళలా వచ్చేస్తాయి” అని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఫోనులో గీతలు నిండుగా ఉండేవి, మాట మాత్రం వచ్చేది కాదు. గ్యాసు బుక్ చేస్తే ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోయేది. ఫోటో పంపితే గుండ్రం తిరుగుతూనే ఉండేది. మామూలు కాల్ అసలు కలవదు, నెట్ కాల్ అయితే సగం కలుస్తుంది. అదీ ఇంట్లో కాదు, కరకట్ట ఎక్కితేనే. సాయంత్రమైతే ఊరు ఊరంతా ఏటికట్ట మీద ఫోన్లు పైకెత్తి నిలబడేది. “ఏం బావా, పెళ్ళాం పుట్టింటికెళ్ళిందా, కట్టెక్కావు?” అని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకునేవాళ్ళు. ఎగతాళి చేసుకోక ఏం చేస్తారు పాపం. మీ రీచార్జి అయిపోవస్తోంది, వెంటనే వేయించుకోండి అనే మెసేజి మాత్రం ఏ అడ్డూ లేకుండా, ఇంటికే, పూట తప్పకుండా వచ్చేది. దానికి ఏ టవరు దారిచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. దాన్ని ‘గాలి అడగడం’ అంటాం. కోతలకు ముందు మా బావ బందరుకు ఫోన్ చేసి, “బందర్లో గాలెట్టా ఉందండీ?” అని అడుగుతాడు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన్ని అడిగేవాడు. నాన్న డాబా ఎక్కి, ఆరేసిన బట్టలు ఎటు ఎగురుతున్నాయో చూసి, కిందికి దిగి, రేడియోలో చెప్పింది కూడా కలుపుకుని, “కానివ్వండి అల్లుడుగారూ” అనో, “ఆగండి అల్లుడుగారూ” అనో చెప్పేవాడు. నాన్న పోయాక ఆ డాబా నా వంతుకొచ్చింది. ఇప్పుడు ఫోన్లో తుఫాను బొమ్మలు చూడొచ్చు, రైతుల గ్రూపుల్లో హెచ్చరికలు వస్తాయి. అయినా బావ నన్ను అడగడం మానలేదు. అడిగి, నేను చెప్పాక గాని కొడవలి పట్టించడు. అదొక నమ్మకం. కిందటేడు వాళ్ళ ఊళ్ళో నెట్ సరిగ్గా లేదు కాబట్టి, నమ్మకం కాస్తా అవసరం అయి కూర్చుంది.

చేను పండింది. నేల ఇంకా తడిగా ఉందని కోత మిషను దిగలేదు, కూలీల చేత కోయించాలి. కూలీల ముఠా మర్నాడు పొద్దున్నే వస్తామంది. ఆ రోజు కాదంటే ఇంకొకరి చేలోకి వెళ్ళిపోతారు, మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో తెలియదు. సముద్రంలో వాయుగుండం ఉంది. టీవీలో ఒకరు ఒడిశా వెళ్తుందన్నారు, ఇంకొకరు ఇటే అన్నారు. మా బావ కరకట్ట ఎక్కి నాకు ఫోన్ చేశాడు. పక్కన అక్క ఉంది. స్పీకర్లో పెట్టారు.

“గాలెట్టా ఉందమ్మా బందర్లో? రేపు కోత పెట్టుకోమంటారా?” ఇంతవరకూ నాకు బాగానే వినపడింది.

అప్పటికే నేను డాబా ఎక్కి చూశాను. దండెం మీద చీరలన్నీ ఈశాన్యం గాలికి ఒకే వైపు లాగుతున్నాయి. అవి తడిపి ఆరేసిన కొత్త చీరలు, చేత్తో పట్టుకుంటే చెయ్యి గుంజుతోంది. ఫోన్లో హెచ్చరిక కూడా వచ్చింది, కోతలు వాయిదా వేసుకోమని. నిలబడి ఉన్న చేను గాలికి పడిపోయినా, నీళ్ళు తీసేస్తే ఎంతో కొంత చేతికొస్తుంది. కోసి పనలుగా పరిచిన వరి ఎండేదాకా చేలోనే పడుంటుంది. అది నీళ్ళలో నానిందా, ఇక అంతే సంగతులు. ఇది దివిసీమలో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. అందుకే గొంతు చించుకుని చెప్పాను. నేనన్న మాటలు ఇవి. “తుఫాను ఇటే వస్తోంది. కొయ్యకండి బావగారూ. తొందరపడకండి.”

“సరేనమ్మా” అన్నాడాయన. లైను తెగిపోయింది.

అదే మాట రాసి మెసేజి కూడా పెట్టాను. ఒక్క టిక్కు పడి ఆగిపోయింది. సరేనన్నాడు కదా అనుకుని నా పనిలో పడ్డాను.

ఆ తరవాత గాలీవానా. బందరులో మా కొట్టు రేకు ఎగిరిపోయింది, పక్క సందులో స్తంభం పడింది. కరెంటు లేదు. అక్క వాళ్ళకు ఫోను కలవదు. నేను మాత్రం కాస్త ధైర్యంగానే ఉన్నాను. చేను పడిపోతే పడిపోయింది, కొయ్యలేదు కదా, ఎంతో కొంత దక్కుతుంది అనుకున్నాను. వాన తగ్గి, దారి తెరిచారని తెలియగానే బస్సెక్కాను. పులిగడ్డ వంతెన దాటిన దగ్గర నుంచి రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళే. ఆ నీళ్ళలో పడిపోయిన చేలు కనిపిస్తున్నాయి. కొన్ని చోట్ల చేలు ఖాళీగా, ఉత్త నీళ్ళు మెరుస్తూ ఉన్నాయి. అవి కోసేసిన చేలు. పాపం ఎవరో తొందరపడ్డారు అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

అక్క వాకిట్లోనే ఉంది. నన్ను చూసి నవ్వలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగి చెంబు కింద పెట్టాక అంది.

“కొయ్యమన్నావు. కోశాం.”

“ఎవరు కొయ్యమన్నారు?”

“నువ్వే కదే!”

“నేనా? నా నోరు పడిపోను, నేనెందుకంటానే ఆ మాట?”

“స్పీకర్లో పెట్టుకుని ఇద్దరం విన్నాం. తుఫాను ఇటే వస్తంది, కొయ్యండి బావగారూ, తొందరపడండి అన్నావు. వానొచ్చేలోపు కోసి కుప్పెయ్యమంటంది గామాలనుకుని, మీ బావ కూలీలకి కబురు పెట్టి చేనంతా కోయించారు. పన మీద పన తేలిందే. కుప్పేసే దారేది?”

నేను అరిచాను. నేనలా అనలేదన్నాను. అక్క అన్నావంది. చిన్నప్పుడు జడ రిబ్బన్ల కోసం పోట్లాడుకున్న రోజుల తరవాత మేమిద్దరం అంత గట్టిగా అరుచుకున్నది అప్పుడే. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఏడాది తిండిగింజలు పోయాయి. చేను ఇచ్చిన ఆసామి, పంట నిలబెట్టుకోలేనివాడికి వచ్చే ఏడు మళ్ళీ కౌలుకిస్తాడో లేదో తెలియదు. ఇది మా అక్క కోపం. ఆ కోపంలో న్యాయముంది. కాని ఆ మాట నేననలేదు!

అంతసేపూ మా బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చివరికి ఆయనన్నాడు, “ఊరుకోండి. తను మన మేలు కోరే చెప్పింది. ఏదో అట్టా జరిగింది.”

ఒట్టేసి చెబుతున్నాను, ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మేలు కోరి చెప్పానట! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అనని మాటకు క్షమాపణ దొరకడం కంటే నరకం ఇంకోటి లేదు. బస్సుంటే ఆ క్షణమే వెళ్ళిపోయేదాన్ని.

మర్నాడు కూడా నేనూ అక్కా మాట్లాడుకోలేదు. అన్నం పెట్టింది, తిన్నాను. మధ్యాహ్నం మా కొట్లో పనిచేసే అమ్మాయి బందరు నుంచి ఫోన్ చేసింది, కట్ట ఎక్కకుండానే ఏ పుణ్యాన కలిసిందో ఆ ఒక్కసారి. సరిగ్గా వినపడక అరుగు మీదికొచ్చి స్పీకర్లో పెట్టాను. అక్క గుమ్మంలో ఉంది, బావ అరుగు చివర ఉన్నాడు.

“ఆంటీ, రేపు రా…ండి. రోడ్డు మీద మళ్ళీ నీళ్ళొచ్చినయ్యంట. బస్సులు తిరగట్లేదు. మీరు రా…ండి.”

“బస్సుల్లేకపోతే ఎట్టా రమ్మంటావే? ఈదుకుంటూ రావాలా?” అన్నాను.

“అయ్యో, రా…ండి అంటన్నానాంటీ! రా…ండి!”

“నీకు మతి పోయిందా?”

“వద్దు! రావద్దంటన్నా!”

‘వద్దు’ మాత్రం గంట కొట్టినట్టు వినపడింది. ఫోను పెట్టేసి తలెత్తితే అక్క నా వైపే చూస్తోంది. అప్పుడు మా బావ నెమ్మదిగా, “‘క’ పోతంది” అన్నాడు.

“ఏంటండీ?” అంది అక్క.

“ఆ పిల్ల ‘రాకండి’ అంటంది. మధ్యలో ‘క’ రావట్లేదు.” ఆయన నావైపు తిరిగాడు. “ఆ రోజు మీరు కొయ్యకండి అన్నారా అమ్మా?”

“కొయ్యకండి అన్నాను బావగారూ. తొందరపడకండి అన్నాను.”

కొయ్యకండి, కొయ్యండి. తొందరపడకండి, తొందరపడండి. మధ్యలో ఒక్క అక్షరం. నేను బందరు నుంచి రెండు ‘క’లు పంపాను. రెండూ దారిలో పోయాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు పెద్దలు. మా మాట పెదవి దాటింది గాని పులిగడ్డ దాటేసరికి తిరగబడిపోయింది. అక్క నా పక్కన వచ్చి కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. “నిన్ను ఎంత మాటన్నానే” అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఇప్పుడు కూడా మండుతూనే ఉంది. తెలిసినవాళ్ళు నాకు సలహాలు చెప్పారు. ‘వద్దు’ అనుంటే సరిపోయేది కదా అని ఒకరు. రెండుసార్లు చెప్పించుకోవాల్సింది అని ఇంకొకరు. మా నాన్నలా ‘ఆగండి’ అనుంటే బాగుండేదని మా ఆయన. నిజమే, అందులో మింగడానికి ‘క’ లేదు. అంటే ఏమిటి? నేను పుట్టిన దగ్గర నుంచీ మాట్లాడే నా భాషలో, ఏ అక్షరం వాళ్ళ టవరు గొంతులో పడుతుందో, ఏది పడదో ఏరుకుని మాట్లాడాలా? ‘కొయ్యకు’ అంటే తిరగబడదని, బావకు మర్యాద ఇవ్వడం మానెయ్యాలా? నెల నెలా రీచార్జి వేయించుకున్నది సగం మాటకా, పూర్తి మాటకా? మాట చేరవెయ్యడమే కదయ్యా మీ వృత్తి! మాట మోసేవాడు మాట మింగేస్తే వాణ్ణి ఏమనాలి? పల్లెటూళ్ళలో ఏమంటారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

బందరు తిరిగొచ్చి కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. ఆ తియ్యటి గొంతు మళ్ళీ చింతించింది. తెలుగుకు ఒకటి నొక్కమంది, నొక్కాను. అన్నీ నొక్కాక ఒక మనిషి వచ్చి అంతా విని, “మీ సమస్యను నమోదు చేసుకున్నామండి” అన్నాడు. సాయంత్రానికి మెసేజి వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. దాని కిందే ఇంకోటి, మా సేవకు మీరెన్ని నక్షత్రాలు ఇస్తారు అని. మాకు పట్టపగలే చుక్కలు చూపించి, తిరిగి మమ్మల్నే చుక్కలిమ్మంటారు! ఇంకో సంగతి. ఆ వారంలోనే నేను కోతకు ముందు పెట్టిన మెసేజికి రెండో టిక్కు పడింది. ‘కొయ్యకండి’ అని అక్క ఫోన్లోకి అప్పుడు చేరింది, చేను కుళ్ళిపోయాక.

ఫిర్యాదు ఏదన్నా ఉంటే గుడివాడలో ఆఫీసుంది, అక్కడికెళ్ళమన్నారు. బందరు షాపులో సిమ్ములమ్ముతారట, వినరట. వెళ్దాం పదండి బావగారూ అన్నాను. ఆయన ఒద్దమ్మా, ఇప్పుడు వెళ్తే మాత్రం గింజలొస్తాయా అన్నాడు. “గింజలు రావు. వాళ్ళు చెయ్యలేదంటారా చేశామంటారా, అది వినాలి నాకు” అన్నాను. మా అక్కే ఆయన్ని బస్సెక్కించింది. చంకలో కండువాతో కట్టిన చిన్న మూట ఒకటి పెట్టుకుని వచ్చాడు. దారిలో తినడానికి అక్క ఏదో కట్టిచ్చిందనుకున్నాను.

ఆఫీసులో చల్లగా ఉంది. గాజు బల్ల. దాని వెనకాల మెడలో బిళ్ళ వేసుకున్న అబ్బాయి. కూర్చోమన్నాడు, నీళ్ళిచ్చాడు. మంచివాడే, అదింకా చిరాకు. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. టవరు సంగతి, గాలి అడగడం, ‘క’ సంగతి. ‘క’ దగ్గరికి వచ్చేసరికి అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు గాని నేను చూశాను.

“నవ్వు బాబూ, నవ్వు. మాకూ నవ్వే వస్తుంది, చేను మాది కాకపోతే” అన్నాను.

“అది కాదు మేడమ్, సారీ” అని కంప్యూటర్లో ఏదో కొట్టాడు. “మీరు చెప్పిన ఊళ్ళో అప్‌గ్రేడ్ అయిపోయింది మేడమ్. ఇప్పుడు అక్కడ సిగ్నల్ ప్రాబ్లమ్ లేదు. అప్పుడు కూడా కంప్లీట్‌గా లేకపోవడం అనేది మా రికార్డులో లేదు.”

“వాళ్ళు అక్కడ ఉన్నారు. మీ రికార్డు ఇక్కడ ఉంది. ఏది నిజం?”

అతను తెర మావైపు తిప్పాడు. మా జిల్లా పటం. సముద్రం, ఏరు, మధ్యలో దివిసీమ. మొత్తం ఒకే రంగు. కోడూరు కింద వేలు పెట్టి చూపించాడు.

“ఇదిగోండి సార్, చూడండి. కవరేజ్ ఉన్న చోటల్లా గ్రీన్ వస్తుంది. మీ ఊరు పచ్చగానే ఉంది.”

నా నోట్లో చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి బయటికి వచ్చేలోపే మా బావ లేచాడు. చంకలో మూట తీసి బల్ల మీద పెట్టి కండువా విప్పాడు. అందులో వరి వెన్నులు. నానిపోయి నల్లబడ్డ గడ్డి, ఒక్కో గింజ కొస నుంచి మొలక, లేతగా, పచ్చగా. కుళ్ళు వాసన ఆ చల్లటి గదంతా కమ్ముకుంది.

“మా చేనూ పచ్చగానే ఉందండి” అన్నాడు.

అబ్బాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గాజు మీద బురద నీళ్ళు కారుతున్నాయి. అతను ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, కంగారుగా, కాస్త గట్టిగా, “సార్, అవి ఇక్కడ పెట్టకండి” అన్నాడు.

మా బావ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. వెన్నులు అక్కడే వదిలేశాడు.

“ఇప్పుడు ‘క’ బాగా వినపడిందండి” అని, తలుపు తోసుకుని బయటికి వచ్చేశాడు.